డెసిబెల్లులో దాగిన పీడనము

మద్రాసు నగరమున నుంగంబాకములో ఈస్టిండియా కంపెనీవారి వేధశాల 1792లో వెలసినది. ఆ వేధశాలలో పనిచేసిన ఖగోళ శాస్త్రజ్ఞుడు జాన్ గోల్డింగ్‌హామ్ 1820, 1821 సంవత్సరములలో నక్షత్రములను చూచుటతో పాటు ఇంకొక పనిని పెట్టుకొనెను. సెయింట్ జార్జి కోటలోను, సెయింట్ థామస్ కొండ వద్దను ఉదయ సాయంకాలములందు ఫిరంగులు పేల్చు ఆచారము ఆ కాలమున ఉండెడిది. ఫిరంగి మెరుపు కంటబడిన క్షణము మొదలు చప్పుడు చెవినబడు క్షణము వరకు గల వ్యవధిని గడియారముతో కొలిచి, దూరమును ఆ వ్యవధిచే భాగించినచో ధ్వని వేగము వచ్చును. గోల్డింగ్‌హామ్ ఈ పనిని ఒకటి రెండు దినములు గాక నెలల తరబడి చేసి, ఉష్ణమాపకము, భారమితి, ఆర్ద్రతామాపకము చూపిన అంకెలను ప్రక్కన వ్రాసికొని, 1823లో లండను రాయల్ సొసైటీవారి పత్రికలో ప్రకటించెను. తెలుగు జిల్లాలు పెక్కు అప్పటికి మద్రాసు రాజధానిలోనివే గనుక, మన ప్రాంతమునకు అతి సమీపమున జరిగిన ధ్వనిశాస్త్ర పరిశోధనలలో దీనిని ముందుగా పేర్కొనవచ్చును.

ఆ ఫిరంగి చప్పుడు ఎంత వేగముగా వచ్చినదో ఆయనకు తెలిసినది. ఎంత బలముగా వచ్చినదో తెలియలేదు. తెలిసికొనుటకు సాధనము కూడ లేదు. వేగమును కొలుచుటకు మంచి గడియారము, కొలత వేసిన దూరము ఉన్నచో చాలును. బలమును కొలువవలెనన్నచో ధ్వని వచ్చినపుడు గాలిలో పీడనము ఎంత హెచ్చి ఎంత తగ్గుచున్నదో చూడవలెను. ఈ రెండవ పనికి మరి నూరు సంవత్సరములు పట్టినది.

కారణము తెలియుటకు అంకెలను చూడవలెను. సముద్రమట్టమున గాలి పీడనము 1,01,325 పాస్కల్‌లు. ఇద్దరు మనుష్యులు ఒక మీటరు ఎడముగా నిలిచి మామూలుగా మాటలాడుకొనునపుడు, ఆ మాటల వలన పీడనమున కలుగు హెచ్చుతగ్గులు సుమారు 0.02 పాస్కల్. అనగా వాయుపీడనములో యాబది లక్షలవ వంతు. భారమితిలోని పాదరసము ఇంతటి మార్పునకు మిల్లీమీటరులో పదివేలవ వంతు మాత్రమే కదలవలెను; అదియు సెకనునకు వందల సార్లు పైకి క్రిందికి ఊగవలెను. బరువైన పాదరసమునకు అది సాధ్యము కాదు. చెవికి మాత్రము అది నిత్యకృత్యము.

ధ్వనిని పీడనమాపకము పట్టుకొన్న సందర్భము చరిత్రలో లేకపోలేదు. 1883 ఆగస్టు 27న జావా, సుమత్రా ద్వీపముల నడుమ క్రకటోవా అగ్నిపర్వతము పేలినపుడు, సుమారు 160 కిలోమీటర్ల దూరమున బటావియా నగరపు గ్యాసు కర్మాగారములోని పీడనమాపకము రెండున్నర అంగుళముల పాదరసమునకు మించి ఎగసినది. పాస్కల్‌లలో అది సుమారు 8,500. కాని యీ ఉపాయముతో కోయిల కూతను కొలువలేము.

ధ్వని యొక్క సూక్ష్మ పీడనమును లెక్కగట్టుటకు 1870లో టోప్లర్, బోల్ట్‌జ్‌మన్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు కాంతి వ్యతికరణమును ఉపయోగించి ఒక ప్రయత్నము చేసిరి. తరువాత 1877లో ఇంగ్లండు దేశమున లార్డ్ రేలీ చేసిన ప్రయోగము పాఠశాలలో పిల్లలకు చెప్పదగినంత సులువైనది. ఆయనకు కావలసిన ముఖ్య సామగ్రి ఒక ఈల మాత్రమే. ఈలలోనికి గాలిని 9½ సెంటీమీటర్ల నీటి పీడనముతో ఊదించెను. సెకనునకు 196 ఘనపు సెంటీమీటర్ల గాలి ఖర్చగుచుండెను. ఆ ఈల 820 మీటర్ల దూరమున శ్రమ లేకుండ వినబడినది. మిగిలినదంతయు కాగితము మీది లెక్క.

ఆ లెక్కను నేటి ప్రమాణములలో చేసి చూడవచ్చును. 9½ సెంటీమీటర్ల నీటి పీడనము సుమారు 931 పాస్కల్‌లు. దానిని సెకనునకు 0.000196 ఘనపు మీటర్లచే గుణించినచో 0.18 వాట్ వచ్చును. ఈలకు ఊదినవారు ఇచ్చిన సామర్థ్యము ఇంతే. ఇదంతయు ధ్వనిగా మారినదనియు, నేలపై బోర్లించిన అర్ధగోళము వలె అన్ని దిక్కులకు వ్యాపించినదనియు అనుకొందము. 820 మీటర్ల వ్యాసార్ధము గల అర్ధగోళపు వైశాల్యము 42 లక్షల చదరపు మీటర్లకు పైబడును. కనుక అంత దూరమున ఒక్కొక్క చదరపు మీటరునకు చేరు సామర్థ్యము 4.3 × 10⁻⁸ వాట్. గాలిలో ధ్వని తీవ్రతను 413 చే గుణించి వర్గమూలము తీసినచో పీడనము వచ్చును. (413 అనునది గాలి సాంద్రతను ధ్వని వేగముచే గుణించగా వచ్చు సంఖ్య.) ఆ విధముగా చేసినచో పీడనము 0.0042 పాస్కల్. గాలి కణములు అటునిటు కదలు దూరము సెంటీమీటరులో కోటవ వంతుకంటెను తక్కువయని రేలీ తేల్చెను. ఊదిన సామర్థ్యములో కొంత భాగమే ధ్వనిగా మారును గాన, నిజమైన విలువ ఇంకను తక్కువ. కొలిచినది గాలిని, నీటిమట్టమును, దూరమును. తెలిసినది చెవి యొక్క సున్నితత్వము. దారి తిరిగినను గమ్యము చేరుటలో రేలీ అంతటి నేర్పరి అరుదు.

1882లో ఆయనయే ఇంకొక పరికరమును సూచించెను. సన్నని దారమున వ్రేలాడదీసిన చిన్న పలుచని బిళ్ల, గాలి అటునిటు ఊగునపుడు ఆ ఊపునకు అడ్డముగా నిలువజూచి కొద్దిగా తిరుగును. ఎంత తిరిగినదో చూచి ధ్వని బలమును కట్టవచ్చును. రేలీ బిళ్ల అను పేరుతో ఇది చాలకాలము ప్రయోగశాలలలో నిలిచినది. గాలి వీవనకు తొట్రుపడు ఈ సుకుమారమైన పరికరమును వీధిలోనికి తీసికొనిపోవుట మాత్రము కుదరదు.

ఇక డెసిబెల్ కథ ప్రయోగశాలలో గాక టెలిఫోను తీగలపై మొదలైనది. అలెగ్జాండర్ గ్రాహంబెల్ టెలిఫోనుకు 1876లో హక్కుపత్రము పొందెను. తీగలు ఊరినుండి ఊరికి సాగినకొలది మాట సన్నగిల్లసాగినది. ఒక మైలు తీగలో మాట సామర్థ్యము కొంత పాలు తగ్గినచో, రెండవ మైలులో మిగిలినదానిలో మరల అంత పాలు తగ్గును. మైళ్లు కూడుచుండగా పాళ్లు గుణించబడుచుండును. గుణకారమును కూడికగా మార్చునది సంవర్గమానమని ఉన్నత పాఠశాల విద్యార్థులకు తెలియును. టెలిఫోను ఇంజనీర్లు మొదట "ప్రామాణిక తీగ మైలు" అను కొలతతో పని జరుపుకొనిరి. ఒక మైలు ప్రత్యేక తీగలో ఎంత నష్టమగునో అంత, అని అర్థము. ఐతే ఆ నష్టము పౌనఃపున్యమును బట్టి మారుచుండుట వలన చిక్కులు వచ్చినవి. అందుచేత అమెరికాలో బెల్ సంస్థవారు 1920ల నడుమ తీగతో సంబంధము లేని క్రొత్త ప్రమాణమును ఏర్పరచి, దానికి ప్రసార ప్రమాణమని పేరిడిరి. సామర్థ్యముల నిష్పత్తికి సంవర్గమానము తీసి 10 చే గుణించినచో వచ్చు సంఖ్య అది. ఆ దశకము ముగియులోపలనే దానికి గ్రాహంబెల్ స్మారకముగా డెసిబెల్ అను పేరు స్థిరపడినది. సంవర్గమానము తిన్నగా వచ్చినది బెల్. అందు పదవ వంతు డెసిబెల్. ఐరోపాలో సహజ సంవర్గమానములను వాడు నేపర్ అను ప్రమాణము వైపు మ్రొగ్గినవారును ఉండిరి.

చెవి సంవర్గమాన రీతిని వినును గనుక శాస్త్రజ్ఞులు డెసిబెల్‌ను కల్పించిరని పెక్కు పుస్తకములలో కనబడును. ఉద్దీపనము గుణోత్తరముగా పెరిగినపుడు అనుభూతి సమాంతరముగా పెరుగునని జర్మనీలో వేబర్ పరిశీలనల ఆధారముగా ఫెక్నర్ 1860లో వ్రాసిన మాట నిజమే. కాని డెసిబెల్ పుట్టినది తీగల నష్టమును కూడుకొనుటకు. చెవికి అది ఒకవిధముగా సరిపడుట తరువాత కలసివచ్చిన సౌకర్యము. ఈ భేదమును పట్టించుకొనుటకు ఒక కారణమున్నది. డెసిబెల్ కేవలము నిష్పత్తి. "నూరు డెసిబెల్‌లు" అనినపుడు దేనికంటె నూరు అని అడుగక తప్పదు. తీగ విషయమున, ఈ కొసన ఉన్నదానికంటె ఆ కొసన ఇంత తక్కువ అని జవాబు. గాలిలోని చప్పుడునకు రెండవ కొస యేది?

ఆ రెండవ కొసను వెదకుటకు ముందు గాలి పీడనమును నమ్మకముగా కొలుచు సాధనము కావలసియుండెను. 1917లో ఇ. సి. వెంటె అను అమెరికను శాస్త్రజ్ఞుడు ప్రకటించిన కండెన్సర్ మైక్రోఫోను ఆ కొరతను తీర్చినది. ఒక లోహపు పలక ముందు బిగువుగా లాగి కట్టిన పలుచని ఉక్కుపొర ఉండును. పీడనము మారినపుడు పొర కొద్దిగా కదలును. పొరకు పలకకు నడుమ ఉన్న విద్యుద్ధారకత మారును. ఆ మార్పును నిర్వాత నాళముల సాయమున పెద్దది చేసి చదువవచ్చును. రేలీ ఈల నాటికి లేనిది ఈ నిర్వాత నాళమే.

ఈ మైక్రోఫోను చూపు అంకె ఎన్ని పాస్కల్‌లకు సమానమో తెలియుటకు దానిని తూచవలెను గదా. మూసిన చిన్న గదిలో ముషలకమును తెలిసినంత దూరము ముందుకు వెనుకకు ఆడించుట ఒక పద్ధతి. గది ఘనపరిమాణము ఎన్నవ వంతు మారినదో తెలిసినచో, వేడి బయటికి పోవుటకు వ్యవధి లేనంత త్వరగా జరుగు మార్పునకు పీడన భేదము ఆ వంతునకు 1,42,000 రెట్లు పాస్కల్‌లని వాయు నియమములు చెప్పును. అనగా గది ఘనపరిమాణము ఒక లక్షా నలుబది రెండు వేలవ వంతు మారినచో ఒక పాస్కల్. ధ్వని కొలత యంతయు కొలబద్దకు, వాయు నియమములకు వచ్చి ఆనినది.

సాధనము చేతికి రాగానే దానిని బయటికి తీసికొనిపోయిరి. న్యూయార్కు నగరమున 1929లో చప్పుళ్ల నివారణకు ఒక సంఘము ఏర్పడెను. పరికరములు అమర్చిన లారీ వీధి వీధికి తిరిగి రణగొణ ధ్వనులను డెసిబెల్‌లలో నమోదు చేయగా, ఆ సంఘపు నివేదిక 1930లో వెలువడినది. 1933లో బెల్ ప్రయోగశాలలలో హార్వే ఫ్లెచర్, మన్సన్ అనువారు వేర్వేరు పౌనఃపున్యముల వద్ద చెవికి సమాన గాత్రముగా తోచు పీడనములను కొలిచి వక్రరేఖలు గీచిరి. 1936లో అమెరికను ప్రమాణముల సంఘము వారు ధ్వని కొలతకు ఆధారస్థానమును నిర్ణయించిరి. చదరపు సెంటీమీటరునకు 10⁻¹⁶ వాట్ అను తీవ్రత సున్న డెసిబెల్. దానికి సరిపడు పీడనము చదరపు సెంటీమీటరునకు 0.0002 డైన్. పూర్వపు తెలుగు భౌతికశాస్త్ర గ్రంథములు చదివినవారికి ఈ డైనుల భాష పరిచితమే. పాస్కల్ అను పేరు అంతర్జాతీయముగా 1971లో ఆమోదము పొందిన తరువాత ఇదే విలువ 0.00002 పాస్కల్, లేక 20 మైక్రోపాస్కల్‌లు అయినది. సెకనునకు వేయి కంపనములు గల స్వరమును మంచి చెవి వినగల అంచునకు ఇది చేరువలో ఉన్నది. చేరువలో మాత్రమే, అందరి చెవులు ఒకటి కావు గనుక గుండు సంఖ్య నొకదానిని ఎన్నుకొనిరి. తీగకు దొరకిన రెండవ కొస వలెనే గాలికిని రెండవ కొస దొరకినది.

ఇప్పుడు లెక్క సులువు. పీడనమును ప అనియు, ఆధార పీడనము 0.00002 పాస్కల్‌ను ప₀ అనియు, సంవర్గమానమును సం అనియు అందము.

స్థాయి = 20 × సం (ప ÷ ప₀)

ప = ప₀ × 10^(స్థాయి ÷ 20)

సామర్థ్యములకు 10 చే గుణించి, పీడనములకు 20 చే గుణించుట ఎందుకని విద్యార్థులు అడుగుదురు, అడుగవలెను. సామర్థ్యము పీడన వర్గమునకు అనుపాతము. వర్గమునకు సంవర్గమానము తీసినచో రెండు ముందుకు వచ్చును. ఆ రెండు, పది కలిసి ఇరువది. దీనిని మరచి 20 కి బదులు 10 వేసినవారు 100 డెసిబెల్‌లకు పీడనము 2,00,000 పాస్కల్‌లని తేల్చుదురు. అది వాయుపీడనమునకు దాదాపు రెండు రెట్లు. పెండ్లివారి బాజాకు అంత పీడనము ఉండదని గుర్తించినచో తప్పు తానే బయటపడును. సరియైన జవాబు 2 పాస్కల్‌లు.

సూత్రము చేతనున్నవారు గుర్తుంచుకొనదగిన మెట్లు కొన్ని కలవు. 20 డెసిబెల్‌లు పెరిగినపుడెల్ల పీడనము పదిరెట్లగును. కనుక 60 వద్ద 0.02 పాస్కల్, 80 వద్ద 0.2, 100 వద్ద 2, 120 వద్ద 20. 94 డెసిబెల్‌ల వద్ద పీడనము సరిగా ఒక పాస్కల్‌కు చాల దగ్గర. ధ్వనిమాపకములను సరిచూచు చిన్న పరికరములు పెక్కు 94 డెసిబెల్‌ల స్వరమునే పలుకుటకు కారణమిదే. రేలీ ఈల 820 మీటర్ల వద్ద 0.0042 పాస్కల్ గనుక 46 డెసిబెల్‌లు. బటావియాలో పీడనమాపకము చూపిన 8,500 పాస్కల్‌లు 172 డెసిబెల్‌లకు పైమాట.

ఈ పీడనములు, క్రకటోవా వంటి ఒక్క ఊపు తప్ప, ఒక విధమైన సగటులు. హెచ్చుతగ్గులను వర్గము చేసి, సగటు కట్టి, వర్గమూలము తీయగా వచ్చినవి. శుద్ధ స్వరమునకు శిఖర పీడనము దీనికి 1.41 రెట్లుండును. గాలి పీడనము సున్న వరకు పడిపోవునంత బలమైన ధ్వనికి హద్దు 191 డెసిబెల్‌లని ఒకచోట, 194 అని మరియొకచోట కనబడుట ఈ భేదము వలననే. మొదటివారు సగటును, రెండవవారు శిఖరమును తీసికొనిరి.

దూరమును గూర్చి ఒక నియమము చేర్చినచో సూత్రమునకు కాళ్లు వచ్చును. ఆరుబయట చిన్న వస్తువునుండి వెడలు ధ్వని పీడనము దూరమునకు విలోమముగా తగ్గును. దూరము పదిరెట్లయినచో 20 డెసిబెల్‌లు, రెట్టింపయినచో 6 డెసిబెల్‌లు తగ్గును. గోలకొండను చూడబోయిన ప్రతివారును కోట ప్రవేశద్వారపు గుమ్మటము క్రింద చప్పట్లు చరచుట, అది కొండ శిఖరమున బాలాహిస్సారు వద్ద వినబడునని మార్గదర్శి చెప్పుట ఎరుగుదురు. దూరము సుమారు కిలోమీటరని చెప్పుదురు. ఒక మీటరు వద్ద చప్పట్ల స్థాయి 85 డెసిబెల్‌లని అనుకొన్నచో వేయి మీటర్ల వద్ద 60 తగ్గి 25 మిగులును. పీడనము 0.00036 పాస్కల్, సున్న డెసిబెల్‌ల పీడనమునకు 18 రెట్లు. గుమ్మటము ధ్వనిని ఒక దిక్కునకు మరల్చి సాయపడుట వేరు మాట. ఆ సాయము లేకున్నను చెవి దానిని అందుకొనగలదు. ఐతే ఒక నియమము: శిఖరము మీద గాలి, జనము, కొండ దిగువన బండ్లు కలిసి 25 డెసిబెల్‌లకు మించిన గోల చేయరాదు. కుతుబ్‌షాహీల కాలపు రాత్రులలో కావలివానికి ఆ నిశ్శబ్దము లభించియుండవచ్చును. నేటి హైదరాబాదు పగటివేళ లభించుట కష్టము. కోట గొప్పతనమును గూర్చి చెప్పు కథలలో ఈ నిశ్శబ్దమునకు రావలసిన వాటా రాలేదు.

భారతదేశమున చప్పుడునకు అంకెల హద్దు పెట్టినది 2000 సంవత్సరపు ధ్వని కాలుష్య నియమావళి. నివాస ప్రాంతములకు పగలు 55, రాత్రి 45. వాణిజ్య ప్రాంతములకు 65, 55. పారిశ్రామిక ప్రాంతములకు 75, 70. ఆసుపత్రులు, విద్యాలయములు, న్యాయస్థానముల చుట్టు నిశ్శబ్ద మండలముగా ప్రకటించిన చోట 50, 40. ఇక్కడ పగలనగా ఉదయము 6 మొదలు రాత్రి 10 వరకు. పీడనములలోనికి మార్చినచో నివాస ప్రాంతపు పగటి హద్దు 0.011 పాస్కల్, నిశ్శబ్ద మండలపు పగటి హద్దు 0.0063 పాస్కల్.

ఈ అంకెలను పట్టణము గాని చోట వేసి చూచుట మేలు. సంగారెడ్డి జిల్లాలో నారాయణఖేడ్ ప్రాంతమున కల్హేర్ ఒక మండల కేంద్రము. అటువంటి ఊరిలో బడి జరుగువేళ పెండ్లి బారాతు వచ్చి, డీజే బండి బడికి నూరు మీటర్ల దూరమున ఆగినదనుకొందము. బండికి పది మీటర్ల వద్ద 100 డెసిబెల్‌లున్నచో బడి వద్ద 80, పీడనము 0.2 పాస్కల్. నిశ్శబ్ద మండలపు హద్దు 50. ఎదురు వెళ్లిన ఉపాధ్యాయుడు "కొంచెము తగ్గించండి" అనగా బండివారు మర్యాదగా సామర్థ్యమును సగము చేసిరనుకొందము. సగము చేసినచో తగ్గునది 3 డెసిబెల్‌లు. బడి వద్ద 77. పదవ వంతు చేసినను 70. యాబదికి దించుటకు సామర్థ్యమును వేయవ వంతు చేయవలెను. బండిని దూరముగా పంపి సాధింపవలెనన్నచో పీడనము 31.6 వ వంతు కావలెను గనుక నూరు మీటర్లకు బదులు మూడు కిలోమీటర్లకు పైగా పోవలెను. ఊరు దాటి జొన్నచేలలోనికి పోయినను చాలదు. డెసిబెల్ అంకెలు చూచుటకు దగ్గర దగ్గరగా నుండి కలిగించు భ్రమ ఇది: ఎనుబదికి యాబదికి భేదము ముప్పదియే గదా అనిపించును. గోడల నడుమ ధ్వని ఈ లెక్కకంటె నెమ్మదిగా తగ్గును. రాత్రివేళ నేల చల్లబడి, పైగాలి వెచ్చగా నున్నపుడు ధ్వని క్రిందికి వంగి మరింత దూరము పోవును.

బండి ప్రక్కనే ఆడుచు నడచు యువకుల సంగతి వేరు. 85 డెసిబెల్‌ల చప్పుడును దినమునకు ఎనిమిది గంటలకు మించి వినరాదనియు, ప్రతి 3 డెసిబెల్‌లకు ఆ కాలమును సగము చేయవలెననియు అమెరికా దేశపు వృత్తి ఆరోగ్య సంస్థ 1998లో సూచించినది. ఆ లెక్కను 100 డెసిబెల్‌ల వద్ద పదునైదు నిమిషములు. బారాతు పదునైదు నిమిషములలో ముగియుట యెవరును చూచియుండరు.

నియమావళిలోని డెసిబెల్‌లకు ప్రక్కన "ఎ" అను అక్షరము ఉండును. దానిని చూడక పీడనమును కట్టినవారు మోసపోవుదురు. ఫ్లెచర్, మన్సన్ రేఖలను బట్టి, చెవికి మందముగా వినబడు బొంగురు స్వరములను మాపకము కూడ తక్కువగా లెక్కించునట్లు చేసిన అమరిక అది. సెకనునకు వేయి కంపనముల వద్ద అది ఏమియు మార్చదు. నూరు కంపనముల వద్ద 19 డెసిబెల్‌లు తగ్గించి చూపును. కావున ఢమ ఢమ మ్రోగు పెట్టెల ముందు మాపకము 55 చూపినను, ఆ నూరు కంపనముల స్వరపు నిజమైన స్థాయి 74, పీడనము 0.011 గాక 0.1 పాస్కల్. తొమ్మిది రెట్లు. బారాతు దూరమున ఉండగా మాటలు, పాట వినబడక, కిటికీ రెక్కలు మాత్రము అదురుటకు ఈ లెక్కతో సంబంధమున్నది. బొంగురు స్వరములు గోడలను సులువుగా దాటును కూడ.

టపాకాయలకు వేరే కొలత పెట్టిరి. పేలిన చోటికి నాలుగు మీటర్ల దూరమున శిఖర స్థాయి 145 డెసిబెల్‌లు దాటు టపాకాయల తయారిని, అమ్మకమును, వాడుకను 1999 నాటి కేంద్రప్రభుత్వ ప్రకటన నిషేధించినది. ఇక్కడ "సి" అమరిక వాడుదురు. అది బొంగురు స్వరములను అంతగా తగ్గించదు గనుక పీడనమును కట్టుట నిజమునకు చేరువగా నుండును. 145 కి శిఖర పీడనము 356 పాస్కల్‌లు. సరములలోని టపాకాయలకు ఒక్కొక్కదాని హద్దును, సరమున ఎన్ని కలవో ఆ సంఖ్య సంవర్గమానమునకు ఐదు రెట్లు తగ్గించవలెనని కూడ ఆ ప్రకటనలో కలదు. నూరు టపాకాయల సరమైనచో హద్దు 135, 112 పాస్కల్‌లు. వేయింటి సరమైనచో 130; 63 పాస్కల్‌లు.

హద్దుకు లోబడిన ఒంటి టపాకాయనే తీసికొందము. నాలుగు మీటర్లకు బదులు ఒక మీటరులో నిలిచిన పిల్లవాని చెవి వద్ద పీడనము నాలుగు రెట్లు, అనగా 1,400 పాస్కల్‌లకు పైబడును, స్థాయి 157. అంత దగ్గర విలోమ నియమము కచ్చితముగా నిలువకున్నను అంకె ఈ ప్రాంతముననే ఉండును. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో ప్రకటించిన మార్గదర్శకములలో శిఖర స్థాయి పెద్దలకు 140, పిల్లలకు 120 డెసిబెల్‌లు మించరాదని యున్నది. పీడనములలో అవి 200, 20 పాస్కల్‌లు. నాలుగు మీటర్ల వద్దనున్న 356 పాస్కల్‌లు 200 కావలెనన్నచో ఏడు మీటర్లు పోవలెను. 20 కావలెనన్నచో 71 మీటర్లు. చట్టము నాలుగు మీటర్ల వద్ద కొలుచును. వత్తికి నిప్పంటించి వెనుకకు పరుగెత్తు పిల్లవాడు ఎన్ని మీటర్లలో నిలుచునో దీపావళినాడు ఏ వీధిలోనైనను చూడవచ్చును.